ఖచ్చర్ కంపెనీ పుస్తకం

ఆ నెలల్లో నేను కుర్చీలో పదిహేను నిమిషాలకు మించి కూర్చోలేకపోయేదాన్ని. రాయదుర్గంలో మా ఆఫీసు టవరు, పదకొండో అంతస్తులో నా కుర్చీ. చేస్తున్న ప్రాజెక్టు అయిపోయింది, కొత్తది ఇవ్వలేదు. దీన్ని మా దగ్గర బెంచ్ మీద ఉండటం అంటారు. జీతం వస్తూ ఉంటుంది, పని ఉండదు, ఏదో ఒకరోజు హెచ్చార్ నుంచి మెయిల్ వస్తుంది. అది ఇవాళ వస్తుందా, రేపు వస్తుందా అని చూడటమే అప్పటి నా ఉద్యోగం. పద్దెనిమిదేళ్ళపాటు యంత్రాలకూ సాఫ్ట్‌వేర్లకూ మాన్యువల్స్ రాసినదాన్ని. ముందు ఈ బటన్ నొక్కండి, తరువాత ఆ బటన్ నొక్కండి అని లోకానికంతా చెప్పి, నా సంగతి వచ్చేసరికి ఏం నొక్కాలో తెలియక లిఫ్టు బటన్ నొక్కి కిందికి దిగిపోయేదాన్ని.

మా ఇల్లు బాచుపల్లిలో. పొద్దున్నే గంటన్నర ట్రాఫిక్‌లో పడి ఆఫీసుకు వచ్చి, వచ్చిన దగ్గర్నుంచీ బయటికి పోవటానికి సాకులు వెతుక్కునేదాన్ని. టీ తాగి వచ్చేదాన్ని. మెట్రో స్టేషన్ దాకా నడిచి, రైలెక్కే పనేమీ లేక తిరిగి వచ్చేదాన్ని. ఫోన్ చూసుకుని మెయిల్ లేదని సంతోషించి, ఇంకా రాలేదేమిటని కంగారుపడి మళ్ళీ లేచేదాన్ని. ముక్కు మీద కోపం నాకు మొదట్నుంచీ ఉన్నదే. ఆ రోజుల్లో మాత్రం ఇంట్లో మా ఆయనా పిల్లా నాతో తూచి తూచి మాట్లాడేవాళ్ళు.

మా టవరుకు సెక్యూరిటీ సూపర్‌వైజర్ ఒకాయన ఉండేవారు. అరవైకి దగ్గరపడ్డ మనిషి, సన్నగా ఉంటారు, సాయంత్రానికి కూడా చొక్కా ఇస్త్రీ చెదరదు. సిద్దిపేట వైపు పల్లె. సైన్యంలో హవల్దారుగా రిటైరై ఇక్కడ చేరారు. అందరూ హవల్దార్ గారూ అనే పిలిచేవారు. ఒకరోజు నేను ఐదోసారి టవరు చుట్టూ తిరుగుతుంటే ఎదురొచ్చి నిలబడ్డారు.

"మేడమ్, పొద్దుగాల్నుంచి ఐదు చక్కర్లు కొట్టిండ్రు. గస్తీ మా డ్యూటీ. మీరు గిట్ల తిరిగితే మా గార్డులను ఇంటికి పంపుతరు."

"లోపల ఊపిరాడట్లేదండీ," అన్నాను.

"మరి జర నాదొక పని చేసి పెట్టున్రి. తిరుగుడు తగ్గుతది. మీరు పుస్తకాలు రాస్తరంట గద."

"పుస్తకాలు కాదండీ, మాన్యువల్స్."

"గవి గూడ పుస్తకాలే. ఫౌజ్‌ల మేం చదివినయన్నీ గవే."

మర్నాడు మూడు పొడుగాటి రిజిస్టర్లు తెచ్చి నా ముందు పెట్టారు. అట్టలు మాసిపోయి, మూలలు మడతలు పడి, లోపలంతా పెన్సిల్ రాత. తెలుగక్షరాల్లో సగం తెలుగు, సగం హిందీ. ఆయన పనిచేసిన కంపెనీ చరిత్ర అది. కంపెనీ అంటే మా కంపెనీల లాంటిది కాదు, సైన్యంలో ఒక దళం. ప్రతి దళానికీ తన చరిత్ర ఉంటుందనీ, పుట్టినరోజు కూడా ఉంటుందనీ, ఆ రోజున పెద్ద ఆఫీసర్లూ కిందివాళ్ళూ ఒకే చోట కూర్చుని అన్నం తింటారనీ, దాన్ని బడాఖానా అంటారనీ నాకప్పుడే తెలిసింది. రిటైరై హైదరాబాద్‌లో స్థిరపడ్డ పాతవాళ్ళు పాతికమంది దాకా ఉన్నారట. ఏటా ఆ రోజుకు దగ్గరపడ్డ ఆదివారం బాచుపల్లిలో ఒక ఫంక్షన్ హాల్లో కలుస్తారట. ఈసారికి తెలుగులో పుస్తకం వేయాలని వాళ్ళ ఆలోచన. ఇంగ్లీషులో ఒకటి ఎప్పుడో వచ్చింది, దాన్ని వాళ్ళ ఇళ్ళలో ఎవరూ చదవలేరు.

"మాది ఖచ్చర్ కంపెనీ మేడమ్. కంచర గాడిదలు. ట్రక్కు పోలేని కాడికి అది పోతది. దాన్ని పట్టుకుని మేం పోతం," అన్నారు.

సైన్యం చరిత్ర అంటే తుపాకులు, ట్యాంకులు ఉంటాయనుకున్నాను. ఇక్కడ మూడు రిజిస్టర్ల నిండా మూటలు. కందిపప్పు, కిరోసిన్, ఫిరంగి గుండ్లు, ఉన్ని సాక్సులు, ఉత్తరాలు. తూర్పు కొండల్లో రెండేళ్ళు, అక్కణ్ణుంచి ఉత్తరాన మంచులో మూడేళ్ళు, మళ్ళీ ఇంకెక్కడికో. పైకి పోయేటప్పుడు సరుకు, కిందికి వచ్చేటప్పుడు జబ్బుపడ్డవాళ్ళు, కొన్నిసార్లు చనిపోయినవాళ్ళు. జంతువును నడిపించే సిపాయిని అక్కడ డ్రైవర్ అంటారు. సాయంత్రం శిబిరం చేరాక డ్రైవర్ ముందు జంతువు కాళ్ళు నాలుగూ ఎత్తి చూడాలి, వీపు తడిమి పుండ్లేమైనా పడ్డాయేమో చూడాలి, దానికి నీళ్ళూ దాణా పెట్టాలి, ఆ తరువాతే తను తినాలి. తినబోతున్న కంచం పక్కన పెట్టించి ఆఫీసరు మళ్ళీ జంతువు దగ్గరికి పంపిన సందర్భం కూడా రిజిస్టర్లో ఉంది. అలా లేచి పోయింది ఈయనే.

పని మొదలుపెట్టాను. నేను కలం పట్టుకుంటే ఎదుటివాడి వాక్యం బతకదు. ఆయన "మంచు పడ్డది, ఆగింది, మళ్ళ పడ్డది" అని రాస్తే నేను నాలుగు లైన్ల వర్ణన చేశాను. ఒక చోట "మన సైనికులు వీరోచితంగా ముందుకు సాగారు" అని చేర్చాను. మధ్యాహ్నం గార్డు రూములో కూర్చుని చదివి వినిపిస్తే ఆయన వేలెత్తి ఆపారు.

"వీరోచితం అని ఎవర్రాసిండ్రు మేడమ్? ఆ దినం మేం కిరసనాయిలు డబ్బాలు మోసినం."

కొట్టేశాను. ఒళ్ళు మండింది గానీ కొట్టేశాను. ఆయన చెప్పింది నిజం, ఆ వాక్యం పోయాక పేజీ తేలికపడింది.

పదిహేను రోజులయ్యాక ఆయన అసలు సంగతి చెప్పారు. మా టవరు తొమ్మిదో అంతస్తులో హౌస్‌కీపింగ్ చేసే ఒకావిడ ఉంది. పాలమూరు వైపు మనిషి, నాకంటే ఓ ఐదారేళ్ళు పెద్ద. కాఫీ మెషీన్ దగ్గర రోజూ చూసేదాన్ని, నవ్వేది, నేనూ నవ్వేదాన్ని, అంతే పరిచయం. ఆవిడ భర్త ఈయన కంపెనీలో చనిపోయాడు. పెళ్ళయిన మూడేళ్ళకే, మంచు చరియ విరిగిపడి. కానీ అతను వేరే కంపెనీ నుంచి ఆ ఒక్క శీతకాలానికి అరువొచ్చిన మనిషి. ఇంగ్లీషు పుస్తకం వేసినప్పుడు వీళ్ళు మావాడు కాదనుకున్నారు, ఆ కంపెనీవాళ్ళు మా దగ్గర చనిపోలేదనుకున్నారు. రెండు కంపెనీల పుస్తకాల్లోనూ పేరు లేకుండా పోయింది. పింఛను కాగితాల్లో ఉన్నాడు, చరిత్రలో లేడు.

"చెల్లెకు మాటిచ్చిన మేడమ్. ఈ పుస్తకంల నీ పెనిమిటి పేరుంటది, తెలుగుల ఉంటది, నువ్వే సదువుకోవచ్చు అన్న. ఆమె కూడ ఇంకేం అడగలే. పేరుంటే చాలన్నది," అన్నారు. నేను పక్కాగా ఉంటుందని చెప్పాను. ఆ రోజు నుంచి నాకు ఆ పుస్తకం మీద పట్టుదల పెరిగింది. ఎవరికో నేను అవసరమయ్యానన్న సంతోషం కూడా ఉంది, దాచుకోవడం ఎందుకు.

మూడో రిజిస్టరు చివర్లో చనిపోయినవాళ్ళ వరస ఉంది. ఆయన దాన్ని మొదటి నుంచీ ఒకే పట్టీగా రాసుకుంటూ వచ్చారు, ఎవరు ముందు పోతే వాళ్ళు ముందు. మనుషులూ కంచర గాడిదలూ కలిసే ఉన్నాయి. హోదాల్లేవు, ఒట్టి పేరు, తేదీ. గాడిదలకు గిట్ట మీద కాల్చిన నంబరు ఉంటుంది, కాగితాల్లో ఆ నంబరే. డ్రైవర్లు మాత్రం వాటికి పేర్లు పెట్టుకునేవారు. ఒకడు తన సుబేదారు పేరు పెట్టాడు, రెంటికీ మొండితనం ఒకటేనని. ఇంకొకడు చిన్ననాటి దోస్తు పేరు పెట్టాడు. అందుకని ఆయన పట్టీలో గాడిద వస్తే పేరూ, పక్కన నంబరూ ఉండేవి.

"ఇలా కలిపి వేయకూడదండీ. మనుషుల పక్కన జంతువులుంటే వాళ్ళ ఇళ్ళలోవాళ్ళు బాధపడతారు," అన్నాను.

"పోయేటప్పుడు వేరు వేరు పోలే మేడమ్."

"నాకు వదిలేయండి. నేను చూసుకుంటాను."

ఆయన ఒక్క క్షణం నా మొహం చూసి, సదువుకున్నోళ్ళు మీకు తెలుస్తది అని లేచిపోయారు. పద్దెనిమిదేళ్ళ అనుభవం నాది. పట్టీ చూడగానే విడదీయడం, వర్గాలు చేయడం, వరస సరిచేయడం చేతులకు అలవాటైన పని. పక్కన నంబరున్నవి గాడిదలు, లేనివి మనుషులు. అరగంటలో అయిపోయింది. హౌస్‌కీపింగ్ ఆవిడ భర్త పేరు ముందే అడిగి తెలుసుకున్నాను, ఏ ఊళ్ళో అయినా వీధికి ఇద్దరికి ఉండే పేరు. మనుషుల పట్టీలో అది కనిపించగానే పక్కన చిన్న టిక్కు పెట్టుకున్నాను. అదే పేరు గాడిదల్లో కూడా ఒకటి వచ్చింది, నంబరుతో. ఎవరో డ్రైవర్ తన స్నేహితుడి పేరు పెట్టి ఉంటాడని నవ్వుకున్నాను. మిగతా నంబర్లన్నీ మూడంకెలవి, దీనిది ఒక్కటే రెండంకెలు, నలభై ఏడు. వరస ఎగుడుదిగుడుగా కనిపిస్తోందని ముందు ఒక సున్నా చేర్చాను.

పీడీఎఫ్ చేసి ఆయన ఫోనుకు పంపాను. ఆయన ఫోనులో సగం దాకా చదివి, మీరు చూసినంక నేనేం చూస్త అన్నారు. బాలానగర్‌లో లేత్ మెషీన్ల షాపుల మధ్య ఒక చిన్న ప్రెస్సులో రెండు వందల ప్రతులు అచ్చుకిచ్చాము. బడాఖానా ఆదివారం. పుస్తకాలు శుక్రవారం మధ్యాహ్నం టవరు కింద గార్డు రూముకు వచ్చాయి. కొత్త పుస్తకం వాసన ఇంకా పోలేదు.

ఆదివారం అందరి ముందూ ఆవిడ చేతికివ్వాలని హవల్దార్ గారి కోరిక. నాకు ఆగే గుణం ఎక్కడిది. ఒకటి తీసుకుని తొమ్మిదో అంతస్తుకు పోయాను. ఆవిడ పాంట్రీలో కాఫీ మెషీన్ తుడుస్తోంది. పుస్తకం చూసి చేతులు కడుక్కుంది, కొంగుకు తుడుచుకుంది, మళ్ళీ ఒకసారి తుడుచుకుని తీసుకుంది.

"ఎక్కడున్నడు మేడమ్?"

నూట పదకొండో పేజీ తెరిచి వేలు పెట్టి చూపించాను. ఆవిడ అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివింది. పక్కనున్న తేదీ చదివింది. అక్కడే చూస్తూ ఉండిపోయింది. నేను కళ్ళనీళ్ళ కోసం సిద్ధంగా ఉన్నాను, అది కూడా ఒప్పుకోవాలి.

"ఈయన గాదు మేడమ్," అంది.

"అదేంటమ్మా, మీ ఆయన పేరే కదా?"

"పేరదే. ఈయన వేరే. మా ఆయన పోయినంక ఈయనే సామాన్లు పట్టుకుని ఇంటికొచ్చిండు. శానా ఏండ్లకు ఈయన గూడ లోయల పడి పోయిండని హవల్దార్ అన్న చెప్పిండు. ఇద్దరిది ఒక్క పేరు గాబట్టి మా ఆయన్ని అక్కడ నలభై ఏడు అని పిలుస్తుండె. ఆయన సిపాయి నంబర్ల చివరియి రెండు. ఫౌజ్‌ల గట్లనే పిలుస్తరట. నాకు ఉత్తరం రాసినా కింద నీ నలభై ఏడు అనే రాస్తుండె."

అంటూనే వేలు తడిచేసుకుని పేజీ తిప్పబోయింది.

తరువాతి పేజీలో ఏముందో నాకు తెలుసు. లావాటి అక్షరాల్లో శీర్షిక నేనే పెట్టాను, మన కంపెనీ కోల్పోయిన కంచర గాడిదలు అని. కింద ఆరో వరసలో ఆ పేరు, పక్కన సున్నా నలభై ఏడు. నేను ఆ పేజీ మీద అరచెయ్యి పెట్టేశాను. ఆవిడ నా చేతి వంక చూసింది.

"ప్రెస్సులో ఏదో పొరపాటు జరిగిందమ్మా. నేను సరిచేసి ఇస్తాను," అని పుస్తకం ఆవిడ చేతుల్లోంచి లాక్కున్నాను. ఇంకో మాట దొరకదు, లాక్కున్నాను. ప్రెస్సువాళ్ళ మీదికి నెట్టేయడం కూడా ఎంత సులువుగా వచ్చిందో.

"అట్లనా మేడమ్," అని ఆవిడ మళ్ళీ గుడ్డ అందుకుంది.

లిఫ్టు కోసం నిలబడలేక తొమ్మిది అంతస్తులూ మెట్ల మీద దిగాను. గార్డు రూములో హవల్దార్ గారికి రెండు పేజీలూ తెరిచి చూపించాను. ఆయనే చదువుకున్నారు. టోపీ తీసి బల్ల మీద పెట్టారు. గేటు దగ్గర క్యాబులు హారన్లు కొడుతున్నా లేవలేదు.

"రెండంకెల గిట్ట లేదు మేడమ్ మా కంపెనీల. అన్నీ మూడే. ఒక్కమాట అడిగుంటే చెప్తుంటి," అన్నారు చివరికి.

నన్ను తిట్టి ఉంటే బావుండేది. ఆయన అలా మామూలుగా అనేసరికి నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఒక మనిషిని తీసుకెళ్ళి గాడిదల్లో కలిపాను, పైగా వరస అందంగా ఉండాలని సున్నా కూడా తగిలించాను. అతని పేరొక్కటి పుస్తకంలో ఉంటే చాలని ఇన్నేళ్ళుగా ఎదురుచూసిన మనిషికి చేసిన పని ఇది.

"తప్పు నాది గూడ. సగం సదివి మీ మీద ఇడిచిపెట్టిన," అన్నారాయన. తరువాత టోపీ పెట్టుకున్నారు. "ఎల్లుండి లోపల సరిచేయాలె. ఒక్క పుస్తకం గూడ ఆ పేజీతోని బయట ఉండొద్దు. ఆమె కంట పడొద్దు."

ఆయన అప్పటికే ఎనిమిది ప్రతులు పాత స్నేహితులకు పంపించేశారు. శనివారం పొద్దున్నే నేను కారు తీశాను. ఒకటి కూకట్‌పల్లిలో, ఒకటి మియాపూర్‌లో, రెండు అల్వాల్లో, తక్కినవి ఎక్కడెక్కడో. ఊరంతా కాలుగాలిన పిల్లిలా తిరిగాను. ఒక్కో ఇంటి ముందు బెల్లు కొట్టి, అచ్చులో చిన్న తప్పుందండీ అని చెప్పి, వాళ్ళు కాఫీ తాగమంటే వద్దని పుస్తకం పట్టుకుని పరుగు. ఒక ముసలాయన అప్పటికే అరవై పేజీలు చదివారట, మంచిగా రాసినవ్ బిడ్డా అన్నారు. థాంక్సండీ అని చెప్పి లాక్కొచ్చాను. ఆ రెండు రోజులూ ఆఫీసు మెయిల్ తెరిచి చూడలేదని తరువాతెప్పుడో గుర్తొచ్చింది.

అదృష్టం ఏమిటంటే ఆ రెండు పట్టీలూ ఒకే ఆకుకు రెండు పక్కలా పడ్డాయి. బాలానగర్ ప్రెస్సాయన చూసి, ఆకు కోసేసి కొత్తది అంటిస్తే సరిపోతుందండీ, రేపు పొద్దున్నకల్లా ఇస్తాను అన్నారు. కొత్త ఆకుకు పట్టీ ఎలా ఉండాలో హవల్దార్ గారు ఫోన్లో ఒక్క ముక్కలో చెప్పారు, రిజిస్టర్ల ఎట్లున్నదో అట్ల. నేను ఈసారి నోరెత్తలేదు. పోయిన వరసలో, అందరూ కలిసి. ఎవరు ఎవరో తెలిసేలా సిపాయిల పేర్ల పక్కన ఊరు పేరు చేర్చాను, అది కూడా ఆయన్ని అడిగే. నలభై ఏడు కిందనే ఒక గాడిద పేరు వచ్చింది. తేదీ ఒకటే, అదే చరియ కింద.

శనివారం సాయంత్రం ప్రెస్సులో కట్టలు విప్పి లెక్కపెట్టాము. నూట తొంభై తొమ్మిది. మళ్ళీ లెక్కపెట్టాము. మూడోసారి నేనొక్కదాన్నే లెక్కపెట్టాను. అంతే వచ్చాయి. పంచినవాళ్ళకందరికీ ఫోన్లు చేశాను. హవల్దార్ గారు గార్డు రూములో బీరువా వెనక, మంచం కింద వెతికారు. కారు డిక్కీ దులిపాను. ఒకటి ఎక్కడో ఆ పేజీతోనే తిరుగుతోంది. ఎవరి చేతిలో ఉన్నా ఫరవాలేదు, రేపు బడాఖానాలో ఆవిడ పక్కన కూర్చుని ఎవరైనా తెరిస్తే ఏమిటని నా భయం.

ఆదివారం పొద్దున అతికించిన పుస్తకాలు తీసుకుని బాచుపల్లి ఫంక్షన్ హాలుకు పోయాను. జిగురు తడి ఇంకా పూర్తిగా ఆరలేదు. పాతవాళ్ళంతా కుటుంబాలతో వచ్చారు. బల్లలు పొడుగ్గా ఒకే వరసలో వేశారు. సుబేదార్ మేజర్‌గా రిటైరైన ఆయన పక్కన వంటవాడుగా చేసినాయన కూర్చున్నాడు. నేను ఎవరి మొహమూ చూడలేదు, అందరి చేతులే చూశాను, సంచులు చూశాను. ఎవరి దగ్గరా పుస్తకం లేదు. వరస చివర ఆవిడ కూర్చుని ఉంది. కొత్త చీర, ఒళ్ళో గుడ్డ సంచి, సంచి మీద రెండు చేతులు. లోపల ఉన్నదాని నాలుగు మూలలూ గుడ్డలోంచి తెలుస్తున్నాయి.

దగ్గరికి పోయి పక్కన కూర్చున్నాను.

"పుస్తకం మీ దగ్గరుందా అమ్మా?"

"ఉన్నది మేడమ్. శుక్రారం పొద్దుమీకి అన్న రూం ఊడుస్తుంటే కట్టలున్నయి. అన్నను అడగకుండ ఒకటి తీస్కున్న."

"చూశారా?"

"సూసిన. నూట పన్నెండు. పైన గాడిదలని రాసి ఉన్నది." గొంతులో కోపం లేదు, పేజీ నంబరు చెప్పినట్టే చెప్పింది. "సున్నా ముందట పెట్టిండ్రు. సున్నా తీసేస్తే ఆయనే."

ప్రెస్సు తప్పు కాదనీ, నేనే చేశాననీ, ఎవర్నీ అడగకుండా చేశాననీ చెప్పాను. అబద్ధం ఆడినందుకు కూడా క్షమించమన్నాను. ఆవిడ వింది. పక్క బల్ల మీద ఎవరో విస్తళ్ళు పరుస్తున్నారు, వాళ్ళకు చోటిచ్చి మళ్ళీ నా వైపు తిరిగింది.

"ఇంగ్లీషు పుస్తకం వచ్చినప్పుడు గూడ నేను ఉత్తరం రాయించిన మేడమ్. తరువాత వేసేటప్పుడు సరిచేస్తమని జవాబొచ్చింది. మంచిగనే రాసిండ్రు, సంతకం గూడ ఉన్నది. ఆ తరువాత అనేది మళ్ళ రాలే. మొన్న మీరు గూడ సరిచేసి ఇస్తనని గుంజుకున్నరు గద, భయమైంది. గాడిదలల్ల ఉంటే ఏమాయె, పుస్తకంల ఉన్నడు గద అనుకున్న. మీరు దిద్దుతమని తీసేస్తే మళ్ళ ఎప్పటికి రావాలె?"

కొత్త పుస్తకం తీసి పేజీ తెరిచి ఆవిడ ఒళ్ళో పెట్టాను. ఈసారి వేలు పెట్టి చూపించలేదు. ఆవిడే వెతుక్కుంది. పేరు చదివింది, ఊరు చదివింది, నలభై ఏడు చదివింది. కింద గాడిద పేరు చదివి, ఇది ఆయనదే, బెల్లం తింటదని రాస్తుండె అంది. అంటించిన చోట గోటితో గీకి చూసింది, ఊడి వస్తుందేమోనని. రాలేదు. మూసి, సంచిలో పెట్టుకుంది.

పాత ప్రతి కోసం చెయ్యి చాచాను. ఒక్క పుస్తకం కూడా ఆ పేజీతో బయట ఉండకూడదని హవల్దార్ గారికి మాటిచ్చాను. అది తెచ్చేస్తే రెండు వందలూ సరిపోతాయి.

ఆవిడ సంచి మూతి గట్టిగా పట్టుకుంది. "ఇది ఇయ్య మేడమ్. నాకు మొదలు దీంట్లనే దొరికిండు," అంది.

నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను.